అప్పిచ్చినవాడు బయట నిలబడాలి



ఈ వారం మందిర వార్షికోత్సవం గురించి రాస్తామని చెప్పాము. దాన్ని పక్కన పెట్టాము. బుధవారం ఉపవాస కూడికలో జరిగిన ఒక సంగతి మమ్మల్ని వదలడం లేదు. చదివాక కొందరికి కోపం వస్తుంది. వస్తే మా ఇంటికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం. రచ్చబండ దగ్గర మాత్రం వద్దు.

ఆ రోజు ప్రార్థన మనవులు అడిగినప్పుడు మన సహోదరి ఒకామె లేచి నిలబడింది. నర్సుగా రిటైరై, పలమనేరు దారిలో మూగజీవుల షెల్టరు నడుపుతున్న ఆమె. ఊళ్లో చాలామంది దాన్ని కుక్కలమ్మ దొడ్డి అంటారు. ఆమె చెప్పింది నాలుగే మాటలు: "అయ్యగారూ, స్థలం మీద ఉన్న అప్పంతా నెలలోపల కట్టేయమన్నారు. లేదంటే గేటుకు తాళం వేస్తామన్నారు. లోపల జీవాలున్నాయి. ప్రార్థన చేయండి." వెనక వరుసలో నుంచి ఒక గొంతు, "కుక్కలకు కూడా ప్రార్థన చేయాల్నా?" అంది. నవ్వు లేచింది.

ఆ నవ్వును మేము ఆపలేదు. అది మా తప్పు. "సరేమ్మా, జ్ఞాపకం చేసుకుందాం" అని తరువాతి మనవికి వెళ్లిపోయాము. ఆమె కూర్చుంది. కూడిక అయ్యేదాకా తల ఎత్తలేదు.

ముందు ఆ నవ్వు సంగతి చూద్దాం. మీరంతా యోనా గ్రంథం చదివినవాళ్లే. నీనెవె రాజు ఉపవాసం చాటించినప్పుడు మనుషులకే చాటించాడా? పశువులు కూడా మేత మేయకూడదు, నీళ్లు తాగకూడదు, వాటికి కూడా గోనెపట్ట కట్టాలి అన్నాడు. అంటే ఆ ఉపవాస కూడికలో ఎద్దులూ గొర్రెలూ సభ్యులే. పుస్తకం చివర దేవుడు యోనాను అడిగిన ప్రశ్న కూడా చూడండి. కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేల మంది గురించి చెప్పి, ఆఖరున ఆయన ఎత్తింది పశువుల మాటే. ఆ పుస్తకం అక్కడితో ఆగిపోతుంది. మనం ఉపవాస కూడికలో నవ్వింది దేవుడు తన ఆఖరి మాటగా ఎంచుకున్న సంగతి గురించి.

ఇక అప్పు సంగతి. తొమ్మిదేళ్ల కింద ఆమె తన రిటైర్మెంటు డబ్బుతో స్థలం కొన్నది, షెడ్లు వేసింది. చాలకపోతే మనందరికీ తెలిసిన ఒక పెద్దాయన దగ్గర స్థలం తాకట్టు రాసి అప్పు తీసుకున్నది. స్వాధీనం ఇవ్వలేదు, కాగితం మాత్రమే. నూటికి రెండు రూపాయల వడ్డీ. అసలు ఎప్పుడు అన్నది కాగితంలో గట్టిగా రాసుకోలేదు. "ఉన్నప్పుడు కట్టమ్మా, వడ్డీ మాత్రం ఆపొద్దు" అన్నాడు పెద్దాయన. ఆమె ఆపలేదు. కరోనాలో రెండు నెలలు తప్పింది, తరువాత అదీ కట్టేసింది. నూటికి రెండంటే ఏడాదికి ఇరవై నాలుగు. తొమ్మిదేళ్లు వేసుకోండి. అసలుకు రెండింతలు దాటి వడ్డీయే వాళ్ల ఇంటికి చేరింది. అసలు అలాగే ఉంది.

పోయిన ఏడు పెద్దాయన ప్రభువునందు నిద్రించాడు. ఈ ఏడు కొడుకులు కాగితం బయటికి తీశారు. మొత్తం, ఒక్కసారిగా, నెలలోపల అన్నారు. ఇంతలో ఏం మారిందో మీకు తెలియంది కాదు. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే పనులు వచ్చాయి, ఆ వైపు స్థలాలకు రేటు వచ్చింది. ఆమె కిస్తీల్లో అసలు కడతానన్నది, వద్దన్నారు. "అప్పు మాఫీ చేస్తాం, స్థలం మా పేర రాసేయండి" అన్నారు. అడుగుతున్నది బాకీ అయితే, కిస్తీలు ఎందుకు వద్దు?

ఆ కుటుంబం మన సంఘమే. మందిరం రేకుల కప్పు ఆ పెద్దాయన కానుకే. ఆయన మంచివాడు, మా మీద ఆయన మేలు ఉంది. అందుకే మత్తయి 18లో ప్రభువు చెప్పిన క్రమంలో ముందు మేము ఒక్కరమే వెళ్లి మాట్లాడాము, తరువాత ఇద్దరు పెద్దలను తీసుకుని వెళ్లాము. రెండోసారి వాళ్లు కాఫీ ఇచ్చి, మర్యాదగానే, "అయ్యగారూ, మీరు వాక్యం చెప్పుకోండి, లెక్కలు మాకు వదిలేయండి" అన్నారు. ఆ క్రమంలో మూడో మెట్టు సంఘానికి చెప్పడం. ఈ రాత అదే. పేర్లు రాయడం లేదు, ఎవరూ రాయవద్దు కూడా.

వాక్యం చెప్పుకోమన్నారు కాబట్టి చెప్తున్నాము.

మనలో చాలామంది అనుకునేది ఏమిటంటే, బైబిలు అప్పు గురించి ఒక్కటే చెప్తుంది, తీసుకున్నవాడు తీర్చాలి అని. అది నిజమే. అప్పు తీసుకుని ఎగ్గొట్టేవాణ్ణి కీర్తనకారుడు భక్తిహీనుడు అన్నాడు. మేము ఆ మాటను పలచన చేయడం లేదు. అయితే లేఖనం తీసుకున్నవాడికి ఒక మాట చెప్తే ఇచ్చినవాడికి పది చెప్తుంది. మన పుల్పిట్లలో ఆ పది వినబడవు. ఎందుకో చెప్పాల్నా? కానుకల సంచిలో పెద్ద నోటు వేసేది ఎక్కువగా ఇచ్చే చేతులే.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం తీయండి. తిరగలిని తాకట్టు పట్టవద్దు అంటుంది, తిరగలి రాయి ఒక్కదాన్ని కూడా పట్టవద్దు అంటుంది. ఎందుకంటే దానితో ఆ ఇంటికి ఆ పూట పిండి. తిరగలి ఖరీదు ఎంత అన్నది ధర్మశాస్త్రం అడగలేదు, దాని మీద ఎవరి ప్రాణం ఆధారపడి ఉందో అడిగింది. అదే అధ్యాయంలో ఇంకో నాలుగు వచనాలు కిందికి వస్తే మేము చాలా ఏళ్లు గమనించకుండా చదివిన మాట ఒకటుంది. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం బాకీదారు ఇంట్లోకి వెళ్లకూడదు. బయట నిలబడాలి. బాకీదారే దాన్ని బయటికి తెచ్చి ఇవ్వాలి. చూశారా, బాకీ ఉంది, తాకట్టు కూడా న్యాయమే. అయినా ఆ గడప దాటడానికి అతనికి హక్కు లేదు. అప్పు ఇచ్చినంత మాత్రాన ఎదుటి మనిషి గడప మీదికి అధికారం రాదు. మరి గేటుకు బయట తాళం వేసి లోపల జీవాలను ఉంచుతామనే మాట ఏ లెక్కలోది?

యోబు 24లో దుర్మార్గుల పనుల పట్టీ ఉంది. గట్టు రాళ్లు జరిపేవాళ్లు, మందలు దోచేవాళ్లు. ఆ వరుసలోనే ఇంకొకడు ఉన్నాడు: తండ్రిలేనివాడి గాడిదను తోలుకుపోయేవాడు, విధవరాలి ఎద్దును తాకట్టుగా పట్టేవాడు. తాకట్టు అన్నాడు, గమనించండి. ఆ మనిషి చేతిలో కూడా కాగితం ఉండే ఉంటుంది. యోబు అతన్ని దొంగల మధ్య నిలబెట్టాడు. మన సహోదరి విధవరాలు. దొడ్డిలో ముసలి ఆవులున్నాయి, రెండు గాడిదలు కూడా ఉన్నాయి. మేము కలిపి చెప్పడం లేదు, వెళ్లి చూసుకోండి.

మత్తయి 18లో ఆ నూరు దేనారాల సంగతి కూడా అంతే. ఆ తోటి దాసుడు బాకీ లేడని ప్రభువు ఎక్కడా అనలేదు. బాకీ నిజం. తప్పు ఎక్కడంటే గొంతు పట్టుకోవడంలో, "ఓర్చుకో, తీరుస్తాను" అన్న మాట వినకపోవడంలో.

ఇక్కడ ఒక చరిత్ర చెప్పాలి. సెమినరీలో డిప్లమా చదివే రోజుల్లో సంఘ చరిత్ర పాఠంలో మాకు విల్బర్‌ఫోర్స్ గురించి చెప్పారు, బానిసల వ్యాపారం మాన్పించిన భక్తుడని. ఆయన ఇంకొక పనిలో కూడా చెయ్యి వేశాడని మాకు ఎవరూ చెప్పలేదు. 1824 జూన్ 16న లండన్‌లో ఒక కాఫీ హోటల్‌లో కొందరు కూడి మూగజీవుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి ఒక సంఘం పెట్టారు. విల్బర్‌ఫోర్స్ అందులో ఒకడు. వాళ్లను పిలిచి కూర్చోబెట్టింది మాత్రం ఒక పాస్టరు, ఆర్థర్ బ్రూమ్ అనే ఆయన. ఈ పని కోసం ఆయన తన సంఘ కాపరి ఉద్యోగాన్ని వదులుకున్నాడు. స్మిత్‌ఫీల్డ్ పశువుల సంతలో జరిగే హింసను కనిపెట్టడానికి సొంత డబ్బుతో మనుషులను పెట్టాడు. మన పుంగనూరు సంత, పలమనేరు సంత చూసినవాళ్లకు ఆ పని ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు.

రెండేళ్లు తిరగకముందే డబ్బు అయిపోయింది. దాదాపు 300 పౌండ్ల బాకీ. కార్యదర్శి ఆయనే కాబట్టి బాకీ ఆయన మెడకు చుట్టుకుంది. 1826లో ఆ పాస్టరును బాకీదారుల జైలులో పెట్టారు. మూగజీవుల కోసం చేసిన అప్పుకు ఒక దైవసేవకుడు జైలుకు పోయాడు! ఊరంతా నవ్వే ఉంటుంది, మన బుధవారం నవ్వులాగే.

విడిపించింది ఎవరో తెలుసా? పార్లమెంటు సభ్యుడు రిచర్డ్ మార్టిన్ ఒకడు, 1822లో పశువుల మీద క్రూరత్వానికి శిక్ష వేసే చట్టం తెచ్చింది ఆయనే. రెండోవాడు లూయిస్ గాంపర్ట్జ్ అనే యూదుడు. వీళ్లు డబ్బు కూడగట్టి ఆయన్ను బయటికి తెచ్చారు. బ్రూమ్ తరువాత గాంపర్ట్జే కార్యదర్శి అయ్యి ఆ సంఘాన్ని నిలబెట్టాడు. దానికి ఆ సంఘం ఇచ్చిన ప్రతిఫలం వినండి. 1832 నాటికి, ఇది క్రైస్తవుల సంఘం, క్రైస్తవ సూత్రాల మీదే నడవాలి అని తీర్మానం చేశారు. యూదుడు బయటికి నడిచాడు. 1840లో విక్టోరియా రాణి ఆ సంఘానికి రాచ బిరుదు ఇచ్చింది, ఈ రోజుకూ అది ఇంగ్లండులో నడుస్తోంది. పాస్టరును జైలు నుంచి తెచ్చిన చెయ్యిని, ఆ పాస్టరు పెట్టిన సంఘమే మతం పేరుతో తోసేసింది. మేము దీన్ని చదివినప్పుడు సిగ్గుపడ్డాము.

ఇది ఎందుకు చెప్పామంటే, పెద్దల కూటమిలో ఒకరు, "గోశాలలు అవీ హిందువుల పని అయ్యగారూ, తిరుపతిలో దేవస్థానం వాళ్లకు ఉంది కదా, వాళ్లు చూసుకుంటారు" అన్నారు. దేవస్థానం గోశాల ఉంది, ఎన్నో ఏళ్లుగా ఉంది. వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నారు. మన పని ఏదని అడుగుతున్నాము. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని పట్టించుకుంటాడని సామెతల గ్రంథం చెప్పినప్పుడు సొలొమోను ఏ మతం వాళ్లకు చెప్తున్నాడు? మన సహోదరికి ఈ తొమ్మిదేళ్లలో వరిగడ్డి ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది మన సంఘం బయటివాళ్లే. కనుమ రోజు పశువుల కొమ్ములకు రంగులు వేసుకుని వచ్చి, ఆమె దొడ్డిలో ముసలి ఆవులకు కూడా వేసి పోయే కుర్రాళ్లున్నారు. వాళ్లు ఆమెను మతం అడగలేదు.

ఇంకో మాట ఉంది, అది అన్నవాళ్లను మేము తేలిగ్గా తీసుకోము. "మనుషులకే దిక్కు లేదు, కుక్కలకా?" అని. న్యాయమైన మాటలా వినిపిస్తుంది. అయితే జ్ఞాపకం చేసుకోండి, 2010లో మైక్రోఫైనాన్స్ గ్రూపుల వసూళ్లు ఎలా జరిగేవి? కిస్తీ కట్టలేని ఆడమనిషి ఇంటి గడప ముందే మీటింగు. ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ ఏడు అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అప్పుడు గడప దాటినవాళ్లు కుక్కల గడప దాటలేదు, మనుషుల గడపే దాటారు. బయట నిలబడమన్న మాటను ఒక గేటు దగ్గర మీరితే, తరువాతి గేటు ఎవరిదో ముందే చెప్పగలరా?

చట్టం సంగతి కూడా రెండు ముక్కలు. మేము వకీళ్లం కాము, చిత్తూరు కోర్టులో పనిచేసే ఒక తమ్ముణ్ణి అడిగి రాస్తున్నాము. తాకట్టు పెట్టినవాడికి దాన్ని విడిపించుకునే హక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది, 60వ సెక్షన్. స్వాధీనం ఇవ్వని తాకట్టు అయితే అప్పిచ్చినవాడు తనంతట తాను వచ్చి తాళం వేయలేడు. కోర్టుకు పోయి దావా వేయాలి. కోర్టు ముందు లెక్క తేల్చి, కట్టడానికి ఆరు నెలల దాకా గడువు ఇవ్వగలదు. అప్పటికీ కట్టకపోతేనే అమ్మకం, అదీ కోర్టు ద్వారా. బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద కోర్టుకు పోకుండా స్వాధీనం చేసుకునే అధికారం ఉంది. ఆ బ్యాంకు కూడా ఖాతా మొండి బాకీ అయ్యాక 60 రోజుల నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం చెప్తే 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వ్యవసాయ భూమి జోలికి ఆ చట్టం కింద రాకూడదు. బ్యాంకునే అంత ఆగమన్న దేశంలో ఒక ఇంటివాళ్లు నెలలో తాళం వేస్తామంటున్నారు. సంఘంలో ఎవరి ఇంటి మీదైనా ఇలాంటి కాగితం ఉంటే భయపడి సంతకాలు పెట్టకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, అడగండి.

ఇక చెప్పడానికి మాకే కష్టంగా ఉన్న భాగానికి వస్తున్నాము.

ఆ దొడ్డిలో జీవాలు ఎక్కడినుంచి వచ్చాయి? మన చిత్తూరు జిల్లా పాలతో బతుకుతోంది. మన ఇళ్లలో జెర్సీ ఆవు లేని ఇల్లు తక్కువ. పాల బిల్లు వచ్చిన వారం మన కానుకల సంచి బరువుగా ఉంటుంది, అది దేవుని ఆశీర్వాదమని సాక్ష్యం చెప్తాం. ఆ ఆవుకు మగదూడ పుడితే ఏం చేస్తాం? దున్నకానికి ట్రాక్టరు వచ్చింది, దూడ తాగే పాలు లీటర్ల లెక్కలో కనబడతాయి. తెల్లారేసరికి ఆమె గేటుకు కట్టేసి ఉంటుంది. కట్టేసిన తాడు చూసి ఏ ఇంటిదో చెప్పగలనంటుంది ఆమె, కానీ ఎప్పుడూ చెప్పలేదు. జీవాన్ని అలా ఆకలికి వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. ఆ లెక్కన బుధవారం నవ్వినవాళ్లలో కొందరు చట్టానికే బాకీ. మన బరువు మోస్తూ ఆమె అప్పులో దిగింది, మనం వెనక వరుసలో కూర్చుని నవ్వాం.

కుక్కల సంగతి కూడా అంతే. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో ఉన్న వీధికుక్కలను పట్టి షెల్టర్లకు తరలించమన్నది. ఆ వార్త చూసి మనలో ఎంతమంది సంతోషించలేదు! షెల్టరుకు పంపండి అని అందరూ అంటారు. ఆ షెల్టరు ఎవరి స్థలంలో, ఎవరి అప్పు మీద నిలబడి ఉందో ఎవరూ అడగరు.

మేము అడిగామా? లేదు. నాలుగేళ్ల కింద మందిరం ఆవరణలో ఒక నల్లకుక్క ఉండేది. సండే స్కూలు పిల్లవాణ్ణి గీరిందని గొడవైంది. మేమే ఆటోలో ఎక్కించి ఆమె దగ్గర వదిలాము. నెలకు ఐదు వందలు మేతకు పంపుతామని అమ్మగారి ముందే మాట ఇచ్చాము. రెండు నెలలు పంపాము. తరువాత మందిరం పనులు, పిల్లల ఫీజులు, మరచిపోయాము. ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. శుక్రవారం వెళ్లినప్పుడు ఆ కుక్క మమ్మల్ని గుర్తుపట్టింది. ఆమె దానికి పెట్టిన పేరు వింటే మీకు నవ్వొస్తుంది: పాస్టరు.

నెహెమ్యా 5లో పొలాలూ ద్రాక్షతోటలూ ఇళ్లూ తాకట్టు పెట్టి ఏడ్చిన జనం కోసం నెహెమ్యా పెద్దలను గద్దించాడు. సభ కూర్చి, అందరి ముందు. అయితే గద్దించేటప్పుడు తానూ తన వాళ్లూ కూడా అప్పులిచ్చామని దాచలేదు. మేము కూడా బాకీదారులమే అని రాసుకున్నాకనే ఇది పంపుతున్నాము.

తమ్ముళ్లారా, మీరు ఇది చదువుతారని తెలుసు. మీ నాన్నగారు ఇచ్చిన రేకుల కింద మేము ప్రతి ఆదివారం నిలబడుతున్నాము. ఆ రేకులు విప్పుకుంటామన్నా మేము చెట్టు కింద ఆరాధన చేసుకుంటాము, ఈ మాట మాత్రం వెనక్కి తీసుకోము. మీ అసలు మీకు రావాలి. పోయిన తొమ్మిదేళ్ల వడ్డీ కూడా తిరిగి ఇవ్వమని ఆమె అడగడం లేదు. మూడేళ్ల కిస్తీలు ఒప్పుకోండి, ఆ కిస్తీకి పూచీగా మేము, ఇద్దరు పెద్దలు సంతకం పెడతాము. ఆదివారం ఆరాధన అయ్యాక వెస్ట్రీ గదిలో ఉంటాము. కాఫీ ఈసారి మా తరఫున.

మిగతా సంఘానికి: శనివారం ఉదయం 7 గంటలకు మందిరం దగ్గరనుంచి ట్రాక్టరు బయలుదేరుతుంది. వరిగడ్డి మోపులు, తవుడు, పాత గోనెలు, ఎవరి దగ్గర ఏముంటే అది వేయండి. మగదూడను అక్కడ కట్టేసి వచ్చినవాళ్లు పేరు చెప్పనక్కర్లేదు, మోపు వేసి పోండి. కువైట్ నుంచి పంపాలనుకునేవాళ్లు మాకు కాకుండా నేరుగా ఆమె ఖాతాకే పంపండి, నంబరు అమ్మగారి దగ్గర ఉంది. నల్లకుక్క మేత బాకీ, నలభై ఆరు నెలలది, ఇరవై మూడు వేలు, మేము ఆ ట్రాక్టరులోనే తీసుకువెళ్తున్నాము. అంతా ఒక్కసారిగా లేదు. సగం ఇప్పుడు, సగం సంక్రాంతికి అని ఆమెను గడువు అడిగాము. సరేనంది.